గేమ్స్ పీరియడ్‌ని తీసేయమనకండి

పేరెంట్స్ మీటింగ్‌లో తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది: "మేడమ్, గేమ్స్ పీరియడ్ బదులు ఇంకో స్టడీ అవర్ పెట్టకూడదా?" పోటీ ఎలా ఉందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. అయినా వద్దనే నేనంటాను. కారణం మన ఊపిరిలోనే ఉంది.

మెదడు, వెన్నుపాము చుట్టూ నీళ్లలాంటి ఒక ద్రవం ఉంటుంది. దాన్నే మస్తిష్కమేరు ద్రవం అంటారు. పెద్దవాళ్లలో అది సుమారు 150 మిల్లీలీటర్లు. రోజుకి దాదాపు 500 మిల్లీలీటర్లు కొత్తగా తయారవుతుంది. అంటే పాతది పోయి కొత్తది రావడం రోజుకి మూడు నాలుగు సార్లు జరుగుతుంది. మెదడుకి దెబ్బ తగలకుండా కాపాడేదీ, అక్కడి వ్యర్థాలు బయటికి పోవడానికి తోడ్పడేదీ ఇదే.

ఈ ద్రవం గుండె కొట్టుకున్నప్పుడల్లా కదులుతుంది. ఊపిరితోనూ కదులుతుంది. 2015లో జర్మనీలోని గట్టింగెన్ శాస్త్రవేత్తలు ఎమ్మారై స్కాన్‌లో దీన్ని ప్రత్యక్షంగా చూశారు. గట్టిగా గాలి పీల్చినప్పుడు ఛాతీలో ఒత్తిడి తగ్గి, తలలోని రక్తం సిరల ద్వారా గుండె వైపు దిగుతుంది. పుర్రె ఎముకల పెట్టె కదా, అది సాగదు. అందుకే రక్తం ఖాళీ చేసిన చోటులోకి కింది నుంచి ఈ ద్రవం వస్తుంది. గాలి వదిలితే తిరిగి కిందికి జారుతుంది. ఊపిరి బిగబడితే ఆ కదలిక బాగా తగ్గిపోతుంది.

నిద్రలోనూ ఇలాంటిదే జరుగుతుంది. గాఢనిద్రలో దాదాపు 20 సెకన్లకోసారి ఈ ద్రవం పెద్ద అలల్లా మెదడులోకి వస్తుందని 2019లో బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు చూపించారు.

ఒక్క మాట. లోతుగా ఊపిరి పీలిస్తే ర్యాంకులు వస్తాయని ఈ పరిశోధనలు చెప్పలేదు. "బ్రెయిన్ పవర్ బ్రీతింగ్" అంటూ ఎవరైనా కోర్సు అమ్మజూపితే డబ్బు కట్టకండి. నాకు అర్థమైంది ఇంతే: మెదడు ఒంటరిగా పనిచేయదు. దాని బాగోగులు ఛాతీతో, నిద్రతో ముడిపడి ఉన్నాయి. పుస్తకం మీదికి గంటలకొద్దీ వంగి కూర్చున్న పిల్లల ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకోవు. అదే గ్రౌండ్‌లో పరిగెత్తితే ఎవరూ చెప్పకుండానే గుండెల నిండా గాలి పీలుస్తారు.

అందుకే మీకు మూడు విన్నపాలు. గేమ్స్ పీరియడ్‌ని చదువుకి పోటీగా చూడకండి. ఇంట్లో చదివేటప్పుడు అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయనివ్వండి. పరీక్షల రోజుల్లోనూ నిద్ర తగ్గించకండి: 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకి కనీసం 9 గంటలు, టీనేజ్ పిల్లలకి కనీసం 8 గంటలు అవసరం.

సిలబస్ పూర్తి చేసే బాధ్యత మాది. పిల్లల్ని వేళకి పడుకోబెట్టే బాధ్యత మీరు తీసుకోండి.