గుణించాలా? భాగించాలా?

అవగాడ్రో సంఖ్య ఎంతని అడిగితే మన విద్యార్థి నిద్రలో కూడా చెప్పేస్తాడు. రెండు మోల్‌ల నీటిలో అణువులెన్ని అంటే మాత్రం, గుణించాలా భాగించాలా అని పక్కవాడి కాగితంలోకి తొంగి చూస్తాడు. భాగిస్తే వచ్చేది ఒక్క అణువు కన్నా తక్కువ! 36 గ్రాముల నీళ్ళు కళ్ళెదుట గ్లాసులో కనబడుతుంటే, అందులో ఒక్క అణువూ లేదని రాయడం ఎంత విడ్డూరం!

మన మేడ్చల్, శామీర్‌పేట పల్లెల్లో పాతకాలపు రైతు వడ్లను గింజల్లో లెక్కపెట్టలేదు, మానికలతో కొలిచాడు. మానికల నుంచి గింజలకు రావాలంటే గుణించాలి. గింజల నుంచి మానికలకు పోవాలంటే భాగించాలి. మోల్ కూడా అలాంటి మానికే. అందులో 6.02214076×10²³ కణాలని 2019 మే 20 నుంచి ప్రపంచమంతటా ఖాయం చేశారు.

శామీర్‌పేట పక్కనే జీనోమ్ వ్యాలీ ఉంది. రేపు అక్కడి ప్రయోగశాలలో నిలబడే మనవాడికి బట్టీపట్టిన సూత్రం ఏం ఆసరా? ద్రావణంలో లెక్క తప్పితే దిద్దడానికి పక్కవాడి కాగితం ఉండదు.

అందుకే లెక్చరర్లకు నా మనవి: సూత్రం రాయించే ముందు, జవాబు పెద్ద సంఖ్యా, చిన్న సంఖ్యా అని అడగండి. మిత్రులారా, మనమూ ముందు ఆలోచిద్దాం, తరవాతే లెక్క కడదాం. మార్కులు వాటంతటవే వస్తాయి.