రోగి ఇంట రమజాన్

కొన్నేళ్ల క్రితం, రమజాన్ రాకకు ముందటి జుమా ప్రసంగంలో మేము ఒక పెద్దాయనను ఉదాహరణగా చూపాము. ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నా, రోజూ ఇన్సులిన్ తీసుకుంటున్నా ఒక్క రోజా విడువని మనిషి అని మెచ్చుకున్నాము. ఆ నెల రెండవ వారంలో అస్ర్ వేళ ఆయన ఒళ్లంతా చెమటలు పట్టి, మాట తడబడి, వుజూ చేసే చోటనే కూలిపోయారు. రక్తంలో చక్కెర పడిపోయింది. అల్లాహ్ దయవల్ల బ్రతికారు. ఆసుపత్రి వరండాలో ఆయన కుమార్తె మాతో, “మౌల్వీ సాబ్, మీరు మిమ్బర్ మీద అబ్బా పేరు చెప్పిన తరువాత, డాక్టరు వద్దన్న సంగతి మాకు కూడా దాచిపెట్టారు” అన్నది. మా వద్ద సమాధానం లేకపోయింది.

అబూ దావూద్ సంకలనంలో ఒక సంఘటన ఉంది. ప్రయాణంలో తలకు గాయమైన వ్యక్తికి స్నానం విధి అయింది. తయమ్ముమ్ చేసుకోవచ్చునా అని అడిగితే, నీళ్లుండగా వీలు లేదన్నారు తోటివారు. అతను స్నానం చేసి మరణించాడు. ఈ సంగతి విన్న దైవప్రవక్త (స) అతని మరణానికి వారినే బాధ్యులను చేశారు. ఈ హదీసును మేము విద్యార్థులకు ఎన్నోసార్లు బోధించాము. అది మాకూ వర్తిస్తుందని ఆ వరండాలో గాని తోచలేదు.

బఖరా సూరా 184, 185 ఆయతులలో రోగికి ఇచ్చిన వెసులుబాటు అల్లాహ్ ఇచ్చినదే. దానిని స్వీకరించడం విధేయతే. కోలుకునే ఆశ ఉన్నవారు తరువాత ఖజా చేయాలి. వేసవి పగళ్లు భరించలేనివారు చలికాలపు చిన్న పగళ్లలో పూర్తి చేయవచ్చు. ఆ ఆశ కూడా లేనివారికి ఫిద్యా ఉంది. ఏటేటా తొందరపడి ఫిద్యా చెల్లించి, ఖజా శక్తి ఉన్నా ఊరుకునేవారూ ఉన్నారు. అదీ సరికాదు.

వైద్యుని అనుమతితో రోజా పాటించే మధుమేహ రోగులు పగటిపూట వేలి రక్తంతో చక్కెర చూసుకోవాలి. దానివల్ల రోజా భంగం కాదు. 70 కంటే తగ్గినా, 300 దాటినా మగ్రిబ్ అజాన్‌కు పది నిమిషాలే ఉన్నా సరే, వెంటనే విరమించాలి. మూత్రపిండాల జబ్బుతో డయాలసిస్ చేయించుకునేవారికి ఖర్జూరం, ఎండు ద్రాక్షలలోని పొటాషియం ప్రమాదకరం. వారిని ఇఫ్తార్‌లో “సున్నత్ కదా, ఒక్కటి తినండి” అని బలవంతపెట్టరాదు. నీటితో విరమించడమూ సున్నతే.

ఇంతకంటే మా మనసును కలచేది మరొకటి. రోజా లేని రోగి వంటింట్లో తలుపు చాటున, దొంగవలె నాలుగు ముద్దలు మింగే ఇళ్లు మనలో ఎన్నో! ఆ అమ్మకు మధ్యాహ్నం వేడి అన్నం వడ్డించే కోడలికి పుణ్యం లేదనుకుంటారా? తరావీహ్ కూర్చుని చేసినా చేసినట్లే. ఆరోగ్యంలో చేసిన ఆచరణలు రోగావస్థలోనూ వ్రాయబడతాయని బుఖారీ హదీసు ఉండనే ఉంది.

ఆ పెద్దాయన ఇప్పుడు రోజాలు పాటించడం లేదు. ఫిద్యా గోధుమలు తన చేతితోనే తూచి పంచుతారు. పోయిన ఈద్ నాడు వారింటికి వెళ్లాము. మాకు షీర్ ఖుర్మా, తనకు చక్కెర లేని గ్లాసెడు పాలు తెప్పించుకున్నారు. మా గిన్నెలోకి ఒకసారి చూసి, నవ్వి, “మౌల్వీ సాబ్, ఈ సంగతి కూడా మిమ్బర్ మీద చెప్పండి” అన్నారు. తరువాతి జుమాకే చెప్పాము.