నవ్వు చాటున మూతపడిన మిల్లు

హాస్యమంటే మనలో చాలామందికి ఒక చులకన భావం వున్నది. నవరసాలను వల్లించేటప్పుడు దానిని మరువము; కాని పరీక్షలో రసాలను వివరించమంటే విద్యార్థి కరుణకు నాలుగు పుటలు, హాస్యానికి నాలుగు పంక్తులు కేటాయిస్తాడు. తప్పు వానిది కాదు, పాఠం చెప్పిన మాది. ఏడిపించేది గంభీరమనీ, నవ్వించేది తేలిక అనీ వానికి నేర్పినది మేమే. గురజాడవారి కన్యాశుల్కం కళ్లయెదుట వుండగా కూడా ఈ భ్రమ మనలను వీడలేదు. గిరీశం మాటలకు నవ్వుకున్నంతగా, ఆ నవ్వు క్రింద బేరానికి నిలిచిన పసిపిల్లలను తలచుకున్నామా అన్నది సందేహమే.

ఈ ఆలోచన మళ్లీ మనసులో మెదలటానికి కారణం ఈ మధ్య నేను చూచిన ఒక పాత అమెరికన్ చిత్రం. పేరు ‘స్లాప్ షాట్’. 1977లో విడుదలైనది. దర్శకుడు జార్జ్ రాయ్ హిల్. కథానాయకుడు పాల్ న్యూమన్. కథ మంచుమీద ఆడే హాకీకి సంబంధించినది. మన హాకీకి మైదానం కావాలి. ఆ హాకీకి గడ్డకట్టిన మంచు కావాలి. ఉక్కు పలకలు అమర్చిన బూట్లు తొడిగి, జట్టుకు ఆరుగురు చొప్పున ఆ మంచుమీద జారుతూ, ఒక చిన్న రబ్బరు బిళ్లను కర్రలతో కొడుతూ ఆడుతారు. వేగం ఎక్కువ, దెబ్బలాటలూ ఎక్కువే. పెద్ద లీగులో చోటు దొరకనివారు చిన్న వూళ్ల జట్లలో చేరి, కొద్దిపాటి జీతానికి బస్సులలో వూరూరా తిరుగుతూ ఆడుతారు. అటువంటి జట్టే ఈ చిత్రంలోని చార్ల్స్‌టౌన్ చీఫ్స్.

ఆ వూరికి ఆధారం ఒక మిల్లు. అది మూతపడబోతున్నది. మిల్లు కార్మికులే ఆటకు ప్రేక్షకులు. కూలి పోయినవాడు టిక్కెట్టు ఎక్కడ కొంటాడు? కనుక ఈ ఆటలకాలం ముగియగానే జట్టును కూడా రద్దు చేస్తారని తెలుస్తుంది. జట్టుకు శిక్షకుడూ ఆటగాడూ అయిన రెజీ డన్‌లప్‌కు వయసు మళ్లుతున్నది. మరొక పని చేతకాదు. అప్పుడతడు ఒక అబద్ధం ఆడినాడు. ఫ్లోరిడావారెవరో ఈ జట్టును కొనబోతున్నారని వూరి పత్రికా విలేఖరి చెవిన వేసినాడు. అది అచ్చయినది, ఆటగాళ్లు నమ్మినారు, నమ్మి ప్రాణం పెట్టి ఆడినారు. అంతటితో ఆగక, కళ్లద్దాలు పెట్టుకొని, పెట్టెలలో ఆటబొమ్మలు మోసుకొనివచ్చిన హాన్సన్ సోదరులు ముగ్గురినీ బరిలోకి వదలినాడు. వారికి ఆటకన్న కొట్లాటే ప్రియం. రక్తం కనిపించేసరికి, అంతవరకు ఖాళీగా వున్న బల్లలు జనంతో నిండిపోయినవి.

ఈ ఘట్టాలకు నవ్వనివారు వుండరు. కాని తెలుగు చదువుకున్న వానికి ఇక్కడ వామనచరిత్ర స్ఫురించక మానదు. ప్రాణానికో మానానికో ముప్పు వచ్చినప్పుడు బొంకవచ్చునని శుక్రాచార్యుడు బలికి ధర్మసూక్ష్మం చెప్పినాడు. బలి వినలేదు. ఆడినమాట తప్పక సర్వమూ పోగొట్టుకున్నాడు. డన్‌లప్ మొదట శుక్రుని పక్షం. పదిమంది బ్రతుకుతెరువు కోసం ఆడిన అబద్ధం గదా, దోషమేమున్నదని మనమూ సమాధానపడతాము.

అయితే ఆ జట్టు యజమానురాలిని అతడు కలుసుకున్నప్పుడు నవ్వు గొంతులో చిక్కుకుంటుంది. జట్టును అమ్మటం ఆమెకు అసాధ్యం కాదు. కాని మూసివేసి నష్టం చూపితే పన్నులో ఎక్కువ కలిసివస్తుందని లెక్కలవారు చెప్పినారు. పైగా హింస వున్న ఈ ఆటను తన పిల్లలను చూడనివ్వదట! ఎవరి దవడలు పగిలి ఆమె ఆస్తి విలువ పెరిగినదో వారి పేర్లైనా ఆమె ఎరుగదు. చిత్రం మొత్తంలో ఒక్క దెబ్బ తగలకుండా అందరినీ పడగొట్టినది ఆమె ఒక్కతే.

చివరి పోటీకి ముందు డన్‌లప్ తోటివారికి నిజం ఒప్పుకున్నాడు. కొనేవారెవరూ లేరనీ, ఈ ఒక్క ఆటనైనా పూర్వపు పద్ధతిలో మర్యాదగా ఆడుదామనీ అన్నాడు. ఇప్పుడతడు బలి పక్షానికి వచ్చినాడన్నమాట. కాని బలికి త్రివిక్రముడు ప్రత్యక్షమైనాడు. వీరికి దెబ్బలు ప్రత్యక్షమైనవి! ఇంతలో పెద్ద లీగువారు ఆటగాళ్లను ఏరుకోవటానికి వచ్చి కూర్చున్నారని వినగానే, ఆ మర్యాద కాస్తా కరగిపోయి మళ్లీ పిడికిళ్లు లేచినవి. కొట్లాటకు మొదటినుండీ ఒప్పుకోని బ్రేడెన్ అనే యువకుడు మాత్రం మంచుమీద తిరుగుతూ ఒక్కొక్క వస్త్రమే విప్పివేయసాగినాడు. మీరు చూడగోరినది వింతయే గదా, ఇదిగో చూడండి అన్నట్లున్నది. ఆ వికారానికి ఎదుటి జట్టువాడు కోపించి నిర్ణేతనే కొట్టగా, చీఫ్స్‌కు కప్పు దక్కినది. గెలుపు దక్కినది గాని మిల్లు తెరువలేదు, జట్టూ నిలువలేదు.

ఇందులో దోషాలు లేవని నేననను. సంభాషణలలో బూతు మెండు. చిన్న తరగతుల పిల్లలకు చూపదగినది కాదు. హింసను వెక్కిరిస్తూనే ఆ హింసలోని రుచిని మనకు అలవాటు చేస్తుందన్న ఆక్షేపణలోనూ నిజమున్నది. కాని ఆ రుచి మనలో వున్నదని మనకే పట్టి ఇచ్చినందుకు నేను దానిని క్షమిస్తాను.

ఇది గాలిలో పుట్టిన కథ కాదు. రచయిత్రి నాన్సీ డౌడ్. ఆమె సోదరుడు పెన్సిల్వేనియాలోని జాన్స్‌టౌన్‌లో జెట్స్ అనే జట్టులో ఆడినవాడు. చిత్రంలో అధికభాగం ఆ వూరిలోనే తీసినారు. హాన్సన్ సోదరులుగా నటించిన ముగ్గురూ నిజమైన ఆటగాళ్లే. 1889లో వరద వచ్చి రెండువేలకు పైగా ప్రాణాలను మ్రింగిన ఉక్కు పట్టణమది. చిత్రం విడుదలైన 1977లోనే జూలైలో మళ్లీ వరద వచ్చినది. జెట్స్ జట్టూ ఆ యేడే అంతరించినది. 1988లో అక్కడ కొత్త జట్టు ఏర్పడినప్పుడు దానికి పెట్టిన పేరు చీఫ్స్! కల్పిత కథలోని పేరును వూరు తన బిడ్డకు పెట్టుకున్నది. 2010 దాకా ఆ పేరుతో జట్టు అక్కడ ఆడినది.

తమ దుఃఖాన్ని చూపి లోకాన్ని నవ్వించిన కథపై ఆ వూరివారు అలగలేదు. ఆ నవ్వు తమను ఎగతాళి చేసినది కాదని వారు గ్రహించినారు. ఏడుపు చూడలేక మనం ముఖం త్రిప్పుకుంటాము. నవ్వు మన ముఖాన్ని మళ్లీ అటు త్రిప్పి చూపుతుంది. హాస్యం చేసే మేలు అదే. ఉపాధ్యాయ మిత్రులు ఇకమీదట హాస్యరసం బోధించేటప్పుడు విద్యార్థి నవ్విన తరువాత ఒక్క ప్రశ్న అడిగితే చాలును: నాయనా, ఇందులో నవ్వలేనివాడు ఎవడు? దానికి జవాబు వెదకిన విద్యార్థి హాస్యానికి నాలుగు పంక్తులతో సరిపెట్టడు.