ఎర్ర దీపం వెలిగితే బ్యాటరీ కొనడమేనా?

పొద్దున్నే కారు స్టార్టవకపోతే ఇంట్లో అందరి నోటా ఒకటే మాట... "బ్యాటరీ పోయింది!" బ్యాటరీ షాపువాళ్లకు అంతకన్నా కావలసిందేముంది? పాతదిచ్చి, వేలు పోసి కొత్తది పెట్టించుకుంటాం. నెల తిరక్కుండానే మళ్లీ అదే కథ.

మాచవరంలో నేనూ ఒకే ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చాను. రెండోది పెట్టించిన మూడో వారంలో, నరసరావుపేటలో ఆపరేషనైన అత్తయ్యను ఇంటికి తీసుకొస్తున్నాను. పిడుగురాళ్ల దాటేసరికి చీకటి పడింది. మీటర్ల దగ్గర బ్యాటరీ బొమ్మతో చిన్న ఎర్ర దీపం. అంతకుముందూ రెండుసార్లు వెలిగి ఆరిపోతే పట్టించుకోలేదు. చూస్తుండగానే హెడ్‌లైట్లు పాలిపోయాయి. ఊరు రాకముందే కారు ఆగిపోయింది. చుట్టూ చేలు, వెనక సీట్లో కుట్లతో ఉన్న పెద్దావిడ. మావారు వేరే బండి తెచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. అంతసేపూ నేను చేసిన పని, కొత్త బ్యాటరీని తిట్టుకోవడం. పాపం, తప్పు దానిది కాదు!

బ్యాటరీ మేడ మీది నీళ్ల ట్యాంకు లాంటిది. దాన్ని నింపే మోటారు వేరే ఉంది. పేరు ఆల్టర్నేటర్. మన మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అనే అంటారు. ఇంజన్ తిరుగుతుంటే బెల్టు దాన్ని తిప్పుతుంది, అది కరెంటు పుట్టించి లైట్లకీ ఏసీకీ ఇస్తూ బ్యాటరీనీ నింపుతుంది. మోటారు చెడితే ట్యాంకు ఎన్నిసార్లు మారిస్తే ఏం లాభం?

దీపం వెలగకముందే అది చాలా సూచనలిస్తుంది. ఆగి ఉన్నప్పుడు లైట్లు మసకబారి, యాక్సిలేటర్ తొక్కగానే కాంతి పెరుగుతుంది. హారన్ గొంతు పూడినట్టవుతుంది. స్టార్ట్ చేయగానే బెల్టు కీచుమంటుంది. వేరే బండి బ్యాటరీకి వైర్లు కలిపి స్టార్ట్ చేస్తే లేచి, కాస్త దూరం పోయి మళ్లీ చతికిలబడిందంటే అనుమానం డైనమో మీదికే పోవాలి.

అనుమానం తీర్చుకోవడానికి మల్టీమీటర్ చాలు, కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. రాత్రంతా ఆగి ఉన్న కారులో, మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. ఇంజన్ నడుస్తుండగా 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొన్ని కొత్త కార్లలో కంప్యూటర్ దీన్ని కాస్త తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది. ఇంజన్ నడుస్తున్నా 12 దగ్గరే ఉండి ఇంకా పడిపోతుంటే చార్జింగ్ లేనట్టే. 15 దాటితే అదీ ప్రమాదమే, రెగ్యులేటర్ పోయి బ్యాటరీని ఉడకబెడుతోందన్నమాట.

బ్యాటరీలు అసలు పోవని కాదు. రెంటచింతల ఎండలు చూసిన వాళ్లం, ఆ వేడికి వాటి ఆయుష్షు తగ్గుతుంది. చార్జింగ్ సరిగా అందక చచ్చేవీ ఉంటాయి. టెర్మినల్స్‌కి తెల్లగా, పచ్చగా పొడి పట్టినా కరెంటు సరిగా పారదు. అందుకే, కొనేముందు కొలవమంటున్నాను.

ఈ మాటే షెడ్డులో అడిగితే వచ్చిన జవాబేమిటో తెలుసా? "సార్‌ని పంపండమ్మా, చెబుతాం." కారు నడిపేది నేను, డబ్బు కట్టేది నేను. చెప్పడానికి మాత్రం సార్ కావాలా! 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, సుమారు వంద కిలోమీటర్లు కారులో పోయింది. దారిలో పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది. మనల్ని అంత చేయమనట్లేదు, "ఎన్ని వోల్టులు చూపించింది?" అని అడగమంటున్నాను. ఆ ప్రశ్న వేసిన ఆడమనిషికి అనవసరంగా బ్యాటరీ అంటగట్టడం కష్టం.

ఇంకోటి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి డైనమోని పరీక్షించే పాత పద్ధతి కొందరు ఇంకా వదల్లేదు. ఇప్పటి కార్లలో దానివల్ల కంప్యూటర్ కాలిపోవచ్చు. ఎవరైనా చేయబోతే నిర్మొహమాటంగా వద్దనండి.

దారిలో దీపం వెలిగితే ఏసీ, పాటలు, ఫోన్ చార్జర్ ఆపేయండి. రాత్రయితే హెడ్‌లైట్లు ఆపకూడదు, కాబట్టి బ్యాటరీ తొందరగా అయిపోతుంది. ఇల్లు చేరాలని పంతం పట్టకుండా దగ్గరలోని పెట్రోలు బంకు దాకా పోండి. అక్కడికి చేరేదాకా ఇంజన్ ఆపొద్దు, మళ్లీ లేవకపోవచ్చు. స్టీరింగ్ బరువెక్కినా, దీపంతోపాటు ఇంజన్ వేడి ముల్లు పైకెక్కినా వెంటనే పక్కకు తీసి ఆపేయాలి. కొన్ని కార్లలో నీళ్ల పంపునూ అదే బెల్టు తిప్పుతుంది, అది తెగి ఉండొచ్చు.

నా కారు డైనమోని చివరికి పిడుగురాళ్లలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ నా ఎదుటే విప్పాడు. మొత్తం కొత్తది వేయాలంటాడేమోనని భయపడ్డాను. లోపల కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి గోరంత మిగిలాయి. అవి మార్చి, బెల్టు బిగించి, మీటరు పెట్టి 14.1 చూపించాడు. అయిన ఖర్చు బ్యాటరీ ధరలో నాలుగో వంతు కూడా లేదు. నేను తిట్టిపోసిన ఆ రెండో బ్యాటరీ ఇప్పటికీ కారులోనే ఉంది.