తీరికవేళల పనులు: సన్నరంపము

ఇంతకుముందు ఈ శీర్షికక్రింద కుట్టుపనులను, అల్లికలను గూర్చి ముచ్చటించియుంటిమి. ఈ మాసమున కొయ్యపనిని గూర్చి వ్రాయ సంకల్పించితిమి. కొయ్యపని యనగానే కొందఱు ముక్కుపై వ్రేలు వేసికొందురని యెఱుగుదుము. మేము చెప్పబోవునది తలుపులు, దూలములు చేయు వడ్రంగము గాదు. అట్టవంటి పలుచని పలకపై తీగలు, లతలు, పిట్టలు, అక్షరములు గీసికొని, దారమంత సన్నని రంపముతో ఆ గీతల వెంబడి మెలికలు తిరుగునట్లు కోసెడి పని. దీనికి వాడు యంత్రమును స్క్రోల్ సా యందురు. సౌకర్యమునకై మేము దీనిని సన్నరంపమని వ్యవహరింతుము.

ఒక సోదరి మాకు జాబు వ్రాసినారు. ఆమె కుమారుడు ఈ యంత్రమును కొని, కొన్నాళ్లు ముచ్చట తీర్చుకొని, ఉద్యోగమునకై పొరుగూరు వెళ్లెనట. యంత్రము వసారాలో మూలబడియున్నది. "నేను దీనిని నేర్వవచ్చునా? ఇంటి పెద్దలు నవ్వుచున్నారు. దీనివలన నాలుగు రూకలు వచ్చునా?" యని ఆమె అడిగినారు. ఈ రెండు ప్రశ్నలును మఱి పలువురి మనస్సులలో నుండవచ్చును గనుక అందఱి యెదుటనే సమాధానము చెప్పుచున్నాము.

మొదటిది నవ్వు సంగతి. వాత్స్యాయనుడు స్త్రీలు నేర్వదగినవని పేర్కొన్న అరువదినాలుగు కళలలో తక్షణ మొకటి, తక్షణమనగా కొయ్యపనియే. ఆ పట్టికలోనే విశేషకచ్ఛేద్యమను మఱియొక కళ గలదు. నొసటి తిలకమునకై ఆకులను తీరుతీరుల కత్తిరించుట యని దానికి వ్యాఖ్యాతలు అర్థము చెప్పిరి. ఈ రెండింటిని జోడించినచో మన సన్నరంపపు పనియే యగును. అంతటితో నాగక, భర్తకు దూరమై కష్టదశలో పడిన స్త్రీ పరదేశమందైనను ఈ విద్యలచే సుఖముగా జీవింపగలదని ఆ శాస్త్రకారుడే చెప్పినాడు. కావున నవ్వెడి పెద్దలకు వారికన్న పెద్దల మాటయే చాలును.

ఇక యంత్రము సంగతి. కడ్డీలవంటి రెండు చేతులు ఒకదానిపై నొకటి సాగియుండును. వాని కొనల నడుమ అయిదంగుళముల పొడవు గల సన్నని బ్లేడును వీణతంత్రివలె బిగింతురు. మోటారు తిరిగినపుడు ఆ బ్లేడు మీదికిని క్రిందికిని ఆడును. దాని పండ్లు క్రిందివైపు చూచుచుండవలెను. అప్పుడే కొయ్య బల్ల నంటియుండును. రంపము తన చోటు విడువదు. కొయ్యనే మనము రెండుచేతులతో త్రిప్పుచు నడుపవలెను. కుట్టుమిషనుపై బట్టను నడుపుట తెలిసినవారికి ఇందు సగము విద్య వచ్చినట్లే.

ఈ పోలిక మేము కల్పించినది గాదు. వెనుకటి సన్నరంపములు నిజముగా కుట్టుమిషనువలె కాలితో త్రొక్కునవియే. అమెరికాలో ఇల్లినాయిస్ రాష్ట్రపు రాక్‌ఫర్డు పట్టణమునందలి బార్న్స్ సోదరుల సంస్థ 1870ల దశకమున అట్టి రంపములను చేసి అమ్మెను. మసాచుసెట్సు రాష్ట్రపు సేలమ్ పట్టణమందు పార్కర్ బ్రదర్స్ అను ఆటవస్తువుల సంస్థ యుండెను. అది 1908లో కొయ్యతో జిగ్‌సా పజిళ్లను, అనగా చిత్రమును ముక్కలుగా కోసి మరల కూర్చుకొనెడి బొమ్మలను, తయారుచేయ మొదలిడెను. గిరాకీ మిక్కుటమగుటచే 1909లో తక్కిన ఆటల తయారీని నిలిపి కర్మాగారము నంతయు వీనికే వినియోగించెను. అచ్చట రంపములకడ కూర్చుండి ఒక్కొక్క ముక్కను కోసినవారిలో హెచ్చుమంది యువతులు. జిగ్‌సా యనునది మొదట రంపపు పేరే. ఆ రంపముతో కోసినందున ఆటకు నా పేరు వచ్చినది.

ఈ యాట పుట్టుక కూడ స్త్రీల విద్యాభ్యాసముతో ముడిపడియున్నది. 1760ల దశకమున లండనులో జాన్ స్పిల్స్‌బరీ యను చెక్కడపుపనివాడు దేశపటములను పలుచని పలకలపై నంటించి, దేశముల యెల్లల వెంబడి కోసి, భూగోళపాఠమునకై అమ్మెను. సుమారు ఆ కాలముననే ఆ నగరమున బాలికలకు చదువు చెప్పుచుండిన మదాం లెప్రిన్సు ద బోమాం అను ఫ్రెంచి రచయిత్రి కొయ్యపటములతో పాఠములు చెప్పెను. మూడవ జార్జిరాజు బిడ్డల సంరక్షణకు 1762లో నియమింపబడిన లేడీ షార్లెట్ ఫించ్ కూడ అట్టి పటములనే వాడెను. వానిని దాచిన పెట్టె నేటికిని భద్రముగా నున్నది. పటములు అమ్మినవాని పేరు అందఱకు తెలిసినంతగా, వానితో చదువు చెప్పిన యీ స్త్రీల పేళ్లు తెలియవు. సేలమ్ యువతుల విషయమున నదియు లేదు. సంస్థ పేరు లోకమునకు తెలిసినది; కోసిన చేతుల పేళ్లు మనకు తెలియవు. ఈ మాటను సోదరీమణులు మనస్సున నుంచుకొనవలెను. చివర మరల దీని యవసరము వచ్చును.

పని నేర్చు విధమును క్లుప్తముగా చెప్పెదము. మొదట మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్డు పలకను తీసికొనుడు. నమూనా గీసిన కాగితమును దానిపై నంటించి, ఆ పైన ప్యాకింగు టేపును వేయుడు. టేపు వలన బ్లేడు సులువుగా సాగును, కొయ్య మాడదు. నమూనాలోపలి ఖాళీలను కోయుటకు బరమాతో చిన్న రంధ్రము చేసి, బ్లేడును ఒక కొన విప్పి, ఆ రంధ్రముగుండ దూర్చి, మరల బిగింపవలెను. లోపలి ఖాళీలను ముందుగను, వెలుపలి అంచును చిట్టచివరను కోయవలెను. వెలుపలిది ముందే కోసినచో పట్టుకొనుటకు చోటుండదు. కొయ్యను ముందుకు నెట్టరాదు. బ్లేడు తినగలిగినంతయే అందించుచుండవలెను. నిదానమే ప్రధానమను మాట ఈ పనిలో అక్షరాల నిజము. తొందరించినచో బ్లేడు వంగును, గీత తప్పును, తుదకు బ్లేడు తెగును. ఆరితేఱినవారికిని బ్లేడులు తెగుచునే యుండును గనుక దానికి చింతింప బనిలేదు. కోసిన పిమ్మట అంచులను గరుకు కాగితముతో నునుపుచేసికొనుడు.

మన లిపికి ఈ రంపమునకు మంచి పొత్తు గలదు. తెలుగక్షరములు గుండ్రనివి, సన్నరంపమునకు గుండ్రని దారియే యిష్టము. ఇంటిపేరు పలకగాని, పసిబిడ్డ పేరుగాని కోయదలచినపుడు ఒక్క విషయము గమనింపవలెను. ప, స, హ వంటి యక్షరములకు తలకట్టు విడిగా నుండును; వత్తులును విడిగా నుండును. గీసినట్లే కోసినచో నవి రాలిపోవును. కనుక వానిని సన్నని వంతెనవంటి గీతతో అక్షరమునకు కలిపి గీసికొనవలెను. లేదా వెనుక మఱియొక పలక వేసి దానిపై నంటింపవలెను. పిల్లలుగల యిండ్లవారు స్పిల్స్‌బరీ మార్గమున మన జిల్లాల పటమును ఆరు మిల్లీమీటర్ల పలకపై నంటించి యెల్లల వెంబడి కోసియిచ్చిన యెడల, ఒజ్జలు బెత్తము పట్టుకొని చెప్పినను రాని పాఠము ఒక ఆదివారమున వచ్చును. బడిపంతులుగారి యింటిలో కాపురము చేయువారము గనుక ఇది గట్టిగా చెప్పగలము.

జాగ్రత్తలను లేశమైనను ఉపేక్షింపరాదు. పైటకొంగును నడుమున దోపుకొని, జడను ముడిచి, గాజులు తీసి కూర్చుండవలెను. వ్రేళ్లు బ్లేడుకు ఎదురుగా నుండరాదు. ఇది పెద్ద రంపములంత క్రూరమైనది గాకున్నను వ్రేలిని కోయగలదు. కంటికి అద్దములు ధరింపవలెను. బ్లేడు మార్చునపుడు కరెంటు తీగను ఊడదీయవలెను. అన్నిటికన్న ముఖ్యమైనది పొడి. రంపమునుండి లేచెడి సన్నపు కొయ్యపొడి కంటికి కనబడక ఊపిరిలో చేరును. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో కొయ్యపొడిని మనుష్యులకు క్యాన్సరు కలిగించువానిలో చేర్చినది. కనుక ముక్కునకు కొంగు అడ్డము పెట్టుకొనిన చాలదు. పొడి నాపుటకై చేసిన మాస్కునే ధరింపవలెను. వంటయింటను, పసిబిడ్డలు పరుండెడి గదిలోను ఈ పని ఎన్నడును చేయరాదు. గాలివెలుతురులు గల వసారాయే మేలు.

రెండవ ప్రశ్న డబ్బును గూర్చినది. దీనికి మేము తీపిమాట చెప్పి పంపజాలము. 1908లో అమెరికాలో అయిదువందల ముక్కల కొయ్యపజిలు వెల సుమారు 5 డాలర్లు. సామాన్యపు పనివాని నెలసంపాదన 50 డాలర్లు. ఒక్కొక్క ముక్కను చేతితో కోయవలసియుండుటచే అంత వెల యయ్యెను. 1932, 1933 సంవత్సరముల ఆర్థికమాంద్యమున పనులు పోయిన వడ్రంగులు ఇండ్లలో పజిళ్లు కోసి బ్రతికిరి. వానిని దుకాణములవారు రాత్రికి 3 మొదలు 10 సెంట్ల బాడుగకు ఇచ్చిరి. అదే సమయమున అచ్చుతో నొత్తిన అట్టపజిళ్లు వచ్చి, 1933 తొలినెలలలో వారమునకు కోటి చొప్పున అమ్ముడుపోయెను. అగ్గువకు అమ్ముటలో చేతిపని యంత్రముతో పోటీపడజాలదు. నేడు లేసరుతో కోసెడి యంత్రములును వచ్చినవి. కనుక బజారులో దొరకు వస్తువునే చేసి తక్కువ వెలకు అమ్మజూచుట దండుగ. ఒక బిడ్డ పేరు, ఒక యింటి ముగ్గు, ఒక తాతగారి చేవ్రాలు - ఇట్లు ఒక్కరికే పనికివచ్చునది చేసినపుడే తగిన వెల వచ్చును.

వెల కట్టునపుడు కొయ్య, బ్లేడులు, కరెంటు వ్రాసికొని మీ గంటలను మఱువకుడు. "ఇంట గూర్చుండి చేసినదేగదా, మా గృహప్రవేశమునకు నాలుగు పంపుము" అని బంధువు లడుగుదురు. ప్రేమతో నిచ్చుట వేఱు, వెలలేనిదని ఇచ్చుట వేఱు. ఇచ్చునపుడు ఇచ్చుటయే, అమ్మునపుడు అమ్ముటయే కావలెను. ఈ రెండింటిని కలిపినచో మన శ్రమకు మనమే విలువ తీసివేసినట్లగును.

డబ్బు రాకున్నను ఈ పనిలో మఱియొక లాభము గలదు. ఇది మనుష్యులను కలుపును. ఇంగ్లండులో నార్ఫోకు మండలపు డెరెహాము పట్టణమునుండి 1895లో 'హాబీస్' అను వారపత్రిక వెలువడసాగెను. కోసికొనుటకై నమూనాల కాగితములను దానితోగూడ ఇచ్చుచుండిరి. ఒకే నమూనాను ఎఱుగని ఊళ్లలో ఎఱుగనివారు కోయుచుండిరి. 1933లో అదే దేశమున కొయ్యపజిళ్లను సభ్యులకు ఎరువిచ్చెడి గ్రంథాలయ మొకటి ఏర్పడెను. బొమ్మ యేదియో ముందుగా చూపకుండ ముక్కలను మాత్రమే పంపుట అచ్చటి వాడుక. నేడును ఈ పనివారిలో కొన్ని మంచి మర్యాదలు కలవు. తామై గీసిన నమూనాలను ఇతరులకు పంచుదురు. తీసికొన్నవారు గీసినవారి పేరు చెప్పుదురు. క్రొత్తవారి తొలి వంకరకోతను చూచి నవ్వరు. మన వీధులలో సంక్రాంతి దినములలో ముగ్గుల పుస్తకము ఇల్లిల్లు తిరుగుట లేదా? అట్లే నాలుగిండ్లవారు కలిసి ఒక్క యంత్రమును పెట్టుకొనవచ్చును. అందఱును విడివిడిగా కొనవలసిన పని లేదు.

తుద కొక్క మాట. మనము వండినది పూటకు సరిపోవును. ఉతికినది మఱునాటికి మాయును. తుడిచిన యిల్లు సాయంకాలమునకు మరల దుమ్ముపట్టును. ఈ పనులు తక్కువవని మేమనము. ఇవి లేనిచో సంసారము నడువదు. కాని మన చేతులనుండి వెలువడినది పదియేండ్ల పిమ్మట కూడ గోడమీద నుండుట యను సంతోషము మనలో ననేకు లెఱుగరు. కొయ్య నిలుచును. నిలిచెడి వస్తువునకు చేసినవారి గుర్తుండుట న్యాయము. 1932లో న్యూయార్కునందు మొదలైన పార్ అను పజిళ్ల సంస్థ తన గుర్తుగా ప్రతి బొమ్మలోను సముద్రపుగుఱ్ఱము ఆకారపు ముక్క నొకదానిని ఉంచెను. సంస్థలు తమ గుర్తును మఱువవు, మఱచెడివారము మనమే.

కనుక సోదరీమణులారా, మీరు కోసిన మొట్టమొదటి వస్తువు వంకరయైనను సరే, పాఱవేయకుడు. దానిని వెనుకకు త్రిప్పి, సీసపుకలముతో ఏ కొయ్యయో, ఏ సంవత్సరమో వ్రాయుడు. దాని క్రింద "ఫలానివారి భార్య" యని గాక, మీ పేరు వ్రాయుడు.