ఒక్కమారు వ్రాయు పరీక్ష

నవోదయ విద్యాలయ ప్రవేశపరీక్షను ఒక విద్యార్థి ఒక్కమారే వ్రాయవచ్చును. తప్పినచో మరుసటి యేడు మరల కూర్చుండుటకు నిబంధనలు ఒప్పవు. లేపాక్షియందలి నవోదయ విద్యాలయమున ఆఱవ తరగతిలో ప్రవేశమునకు అయిదవ తరగతి పిల్లలు రెండు గంటలలో 80 ప్రశ్నలకు సమాధానములు గుర్తింపవలయును. అందు లెక్కలు 20. వానికి మార్కులు 25, కాలము అరగంట. అనగా లెక్కకు ఒకటిన్నర నిమిషము. పదేండ్ల పసివారి భవిష్యత్తు ఇంత యిరుకు సందున దూరి పోవలసియుండుట న్యాయమా యన్నది వేఱు చర్చ. సందు ఉన్నది, మన పిల్లలు ఆ దారినే పోవుచున్నారు. వారినెట్లు సిద్ధము చేయుచున్నామన్నదే మేమిప్పుడు అడుగుచున్న ప్రశ్న.

సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానతో, అదియును అదను దప్పి కురియు వానతో, వేరుసెనగను నమ్ముకొని బ్రదుకు ఈ మెట్టసీమకు ఇట్టి పాఠశాల యననేమో పాఠకులకు చెప్పనక్కఱలేదు. 1971లో సర్వేలునందును, 1972లో తాడికొండ, కొడిగెనహళ్ళి గ్రామములయందును గురుకుల పాఠశాలలు వెలసినవి. హిందూపురము దాపున, 2022లో జిల్లా విభజన జరుగువఱకు అనంతపురము జిల్లాలోనే యున్న కొడిగెనహళ్ళి పేరు రాయలసీమ పల్లెలలో నేటికిని గౌరవముతో పలుకబడుచున్నది. బోరు ఎండవచ్చును, పంట పోవచ్చును. కొడుకో కూతురో గురుకులమున చేరినచో ఆ యింటికి కరవు తాకని యాస్తి యొకటి ఏర్పడును. అందుకే అప్పు చేసియైనను పిల్లలను పట్టణపు కోచింగులకు పంపు తల్లిదండ్రులను మేము నిందింపము.

మా యభ్యంతరమెల్ల అభ్యాసమను పేర జరుగుచున్న పనిమీదనే. దినమునకు ముప్పది లెక్కలు, ప్రతిదానిక్రింద అచ్చైన జవాబు, ప్రక్కన ఒక సూత్రము. పిల్లవాడు లెక్క చదువును, జవాబు చూచును, పుట త్రిప్పును. దానిని చేసిన లెక్కగా జమకట్టుదురు!

ఒక్క లెక్కను తీసికొందము. ఒకడు సైకిలుమీద ఎదురుగాలిలో గంటకు 10 కిలోమీటర్ల వేగముతో పొరుగూరికి పోయి, అదే దారిని 15 కిలోమీటర్ల వేగముతో తిరిగివచ్చెను. సగటు వేగమెంత? సూత్రము మఱచినవాడు రెండును కూడి సగము చేసి పండ్రెండున్నర యనును. ఆలోచింప నేర్చినవాడు దూరము 30 అనుకొనును. పోవుటకు 3 గంటలు, వచ్చుటకు 2. 5 గంటలలో 60 కిలోమీటర్లు. కాగా సగటు 12. దూరము 60 అనుకొన్నను అదే వచ్చును, పరీక్షించి చూడవచ్చును. అంతకుమించి, నెమ్మదిగా పోయినపుడే యెక్కువసేపు దారిలో నుండెను గనుక సగటు 10 వైపునకు మొగ్గకతప్పదని వానికి లెక్క వేయకమునుపే తోచును.

ఇక వేఱొక లెక్క. ఒక చేనికి కలుపు తీయుటకు ఒకరికి 10 దినములు, మఱొకరికి 15 దినములు పట్టును. ఇరువురును కలిసిన నెన్ని దినములు? చేనిని 30 పాళ్ళు చేసిన, మొదటివారు దినమునకు 3, రెండవవారు 2, కలిసి 5. కావున 6 దినములు. అవే 30, 3, 2, 5! గైడులో ఇవి రెండధ్యాయములు, రెండు సూత్రములు. చేసి చూచినవానికి ఒక్కటే యుపాయము.

ఒకటిన్నర నిమిషములో ఇంత యాలోచనకు తావెక్కడిదని కొందఱందురు. పరీక్షలో లేదు, అందుకే ముందు కావలెను. ఇంటియొద్ద అరగంట కొట్టుకొన్న లెక్కయే పరీక్షలో అరనిమిషమునకు లొంగును. కంఠస్థము చేసిన సూత్రము ప్రశ్న కొంచెము మాఱిన చేయిచ్చును.

గైడును తగులబెట్టుమని మేమనుట లేదు. కుంభకోణమున బాలుడైన రామానుజన్ చేతికి 1903లో చిక్కినదియు ఒకవిధముగ పరీక్షల పుస్తకమే. కేంబ్రిడ్జి పరీక్షలకు విద్యార్థులను తయారుచేసిన కార్ అను ట్యూటరు కూర్చిన ఆ గ్రంథమున సుమారు 5,000 ఫలితములు గలవు; ఉపపత్తులు మాత్రము చాల స్వల్పము. ఆ కొఱతయే మేలైనది. ఎట్లు వచ్చెనో తానే కనుగొనుచు ఆ బాలుడు ముందునకు సాగెను. అందఱును రామానుజన్లు కారు. అయినను పుస్తకమును వాడు తీరు అందఱికి నొక్కటే.

ఈ పాఠశాలల సీట్లలో నూటికి 75కు తక్కువగాకుండ పల్లెలయందు చదివిన పిల్లలకే యియ్యవలెనని నియమము గలదు. పట్టణవాసు లెవరైన తమ బిడ్డ పేరు పల్లెబడి పట్టికలో నుంచి, బిడ్డను మాత్రము పట్టణమున చదివించుచున్నచో, వారు లాగికొనుచున్నది ఎవరి విస్తరియో తెలిసికొందురు గాక.

భూస్వాములకు మా విన్నపము వేఱు. ఈ పరీక్ష ఇటీవలి సంవత్సరములలో చలికాలమున జరుగుచున్నది. వేరుసెనగ పెరుకు దినములు దానికి కొంచెము ముందే వచ్చును. అయిదవ తరగతి పిల్లలను ఆ దినములలో కాయలు కోయ పిలువకుడు. తల్లిదండ్రులు బెంగుళూరునకు వలసపోగా అవ్వతాతలయొద్ద మిగిలిన పిల్లలకు సాయంకాలము బడిలో ఒక గంట కూర్చుండుటకు దీపము, కాగితము, ఒక్క ఉపాధ్యాయుని తోడు సమకూర్చుడు. దినమునకు మూడు లెక్కలు చాలును. తప్పిన లెక్కను తుడిచివేయక నోటుపుస్తకమున నుంచి, ఎక్కడ తప్పెనో మరునాడు పిల్లవాని చేతనే చెప్పింపవలెను. గైడులోని జవాబుల పుటలను మాత్రము ఉపాధ్యాయుడు కత్తిరించి తన బల్లసొరుగున దాచుకొనుట మంచిది.