ఇంటి చదువుకు పుస్తకాల ఎంపికపై తీర్మానం

టెక్సస్ రాష్ట్రం డాలస్ పరిసరాల్లో పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్న తెలుగు కుటుంబాల సంఘం సర్వసభ్య సమావేశం, రానున్న విద్యా సంవత్సరానికి పాఠ్యపుస్తకాల ఎంపికపై ఉపసంఘం సమర్పించిన నివేదికను చర్చించి, ఈ కింది తీర్మానాన్ని ఆమోదించింది.

లీపర్ కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు 1994లో ఇచ్చిన తీర్పు ప్రకారం ఈ రాష్ట్రంలో ఇంటి చదువు ప్రైవేటు బడి చదువుతో సమానం. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, పౌరధర్మం అనే ఐదింటినీ ఒక పాఠ్యక్రమం పెట్టుకుని నిజాయితీగా చెబితే చాలు. ఏ పుస్తకం వాడుతున్నారని ప్రభుత్వం అడగదు, ఏటా పరీక్షా పెట్టదు. అడిగేవారు లేరు గనుక ఎంపిక తప్పయితే ఆ భారం పూర్తిగా తల్లిదండ్రులదేనని ఈ సమావేశం గుర్తిస్తోంది.

సభ్యుల్లో చాలామంది హెచ్-1బి వీసా మీద ఉన్నారు. ఉద్యోగం పోతే మరో దారి చూసుకోవడానికి ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. గ్రీన్‌కార్డు వరుస ఎప్పటికి కదులుతుందో తెలియదు. వారిపై ఆధారపడినవారికిచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న బిడ్డకు 21 ఏళ్లు నిండితే ఆ ఆధారమూ పోతుంది. ఇక్కడే స్థిరపడతామన్న ధీమాతో కొన్న పుస్తకాలు, రేపు విజయవాడలోనో వరంగల్‌లోనో తొమ్మిదో తరగతిలో కూర్చోవలసి వచ్చిన పిల్లకు అక్కరకొస్తాయా? ఉపసంఘానికి వచ్చిన ఉత్తరాల్లో ఈ మాట అడిగినవారు తక్కువ. "ఏ కంపెనీ సెట్టు బాగుంటుంది" అని అడిగినవారే ఎక్కువ. కనుక, పిల్లలు మున్ముందు ఏ బోర్డు పరీక్ష రాయవలసి రావచ్చో ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలనీ, ఆ తర్వాతే పుస్తకాల జోలికి వెళ్లాలనీ ఈ సమావేశం తీర్మానిస్తోంది.

అన్నిటికంటే ఎక్కువ చిక్కు లెక్కల్లోనే ఉంది. అమెరికాలో హైస్కూలు లెక్కలు అరలు అరలుగా నడుస్తాయి. ఒక ఏడాది ఆల్జీబ్రా 1, మరో ఏడాది జామెట్రీ, ఆపై ఏడాది ఆల్జీబ్రా 2. మన దేశంలో ఏ ఏడాదికాయేడాది అన్నీ కలిపి కొంచెం కొంచెంగా చెబుతారు. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో వర్గ సమీకరణాలు, త్రికోణమితి, వృత్తాలు, సంభావ్యత ఒకే అట్టల మధ్య ఉంటాయి. ఇక్కడ ఆల్జీబ్రా 1లో అన్నిటికీ ఏ గ్రేడు తెచ్చుకున్న కుర్రాడు, సైన్ తీటా ముఖం చూడకుండానే అక్కడ పదో తరగతిలో వచ్చి పడతాడు. "అమెరికా నుంచి వచ్చాడు, లెక్కలు రావు" అని ముద్ర వేసేస్తారు. వాడి బుర్రకు వచ్చిన లోటేమీ లేదు, పాఠాల వరుస వేరు, అంతే. చిన్న తరగతుల్లో ఈ తేడా ఇంకోలా బయటపడుతుంది. అంగుళాలు, ఔన్సులు, క్వార్టులు, డైములతో నిండిన వర్క్‌బుక్కులు పూర్తిచేసిన పిల్ల ముందు 7,45,000 అని రాసి పెడితే, మొదటి కామా అక్కడెందుకు ఉందని అడుగుతుంది. దానికి మిలియన్ తెలుసు, లక్ష తెలియదు.

అందువల్ల ప్రాథమిక తరగతులకు ఏ లెక్కల పుస్తకం ఎంచుకున్నా, అందులో మెట్రిక్ కొలతలు తగినన్ని ఉన్నాయో లేదో చూసుకోవాలి. స్థానవిలువల పట్టికను మన లెక్కలో కూడా గోడకు అంటించుకోవాలి. సింగపూర్‌లో 1982లో మొదలైన ప్రైమరీ మ్యాథమెటిక్స్ వరుసను ఉపసంఘం మెచ్చుకుంది. మాటల లెక్కను పొడవాటి పట్టీలుగా గీసి విప్పి చూపించడం దాని పద్ధతి. ఇంజినీరింగు చదివిన తల్లిదండ్రులు ఆ పట్టీల పేజీలను తిప్పేసి "ఎక్స్ అనుకుందాం" అంటూ మొదలుపెట్టడం మానుకోవలసిందిగా సమావేశం ప్రత్యేకంగా కోరుతోంది. ఆరో తరగతి నుంచి మాత్రం, ప్రధాన పుస్తకం ఏదైనా సరే, పక్కనే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ఉండి తీరాలి. 2024లో వచ్చిన ఆరో తరగతి గణిత ప్రకాశ్‌తో సహా ఆ సంస్థ పుస్తకాలన్నీ దాని వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతున్నాయి.

సైన్సు పుస్తకాన్ని డబ్బు కట్టకముందే చదవాలి. ఇక్కడి ఇంటి చదువుల మార్కెట్టులో అబెకా, బీజేయూ ప్రెస్ వంటి పేరున్న సెట్లు క్రైస్తవ విశ్వాసం పునాదిగా రాసినవి. సైన్సులోనూ సృష్టివాదాన్నే బోధిస్తాయి. ఆ సంగతి ప్రచురణకర్తలు దాచలేదు, బాహాటంగానే చెప్పుకుంటారు. రంగుల అట్ట చూసి ఆర్డరు పెట్టేది మనం. విశ్వాసం కొద్దీ వాటిని ఎంచుకునే సభ్య కుటుంబాలపై ఈ సమావేశానికి ఏ అభ్యంతరమూ లేదు. అయితే ఇండియాలో వైద్యవిద్య ప్రవేశ పరీక్ష నీట్ రాయాలనుకునే పిల్లలకు జీవపరిణామం సిలబస్‌లో ఉందని వారు కూడా గుర్తుంచుకోవాలి.

చరిత్రకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఇక్కడ దొరికే ప్రపంచ చరిత్ర పుస్తకాల్లో భారతదేశం ఎక్కువగా సింధు నాగరికతతో మొదలై, బుద్ధుడు, అశోకుడు కాగానే పక్కకు తప్పుకుని, మళ్లీ గాంధీ దగ్గర కనబడుతుంది. శాతవాహనులు, కాకతీయులు, కృష్ణదేవరాయల కోసం పిల్లలకు వేరే పుస్తకం కావాలి.

తెలుగు విషయంలో సమావేశం చాలాసేపు చర్చించింది. రెండు రాష్ట్రాల తెలుగు వాచకాలు పీడీఎఫ్ రూపంలో ఉచితంగానే లభిస్తున్నాయి. కానీ అవి పొద్దున లేచింది మొదలు తెలుగు వినే, మాట్లాడే పిల్లల కోసం రాసినవి. మన పిల్లలు అమ్మ తెలుగులో పిలిస్తే ఇంగ్లీషులో పలుకుతారు. గుణింతం పాట పాడినట్టు అప్పజెబుతారు, "రాష్ట్రం" దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. ష కింద ట వత్తు, దానికి ఇంకా ర వత్తు ఏమిటని నిలదీస్తారు. వయసును బట్టి అయిదో తరగతి వాచకం చేతికిచ్చి ఏడిపించడం కన్నా, ప్రవాస పిల్లల కోసమే 2007 నుంచి నడుస్తున్న సిలికానాంధ్ర మనబడి పాఠాలతోనో, రెండు తరగతులు కిందికి దిగిన వాచకంతోనో మొదలుపెట్టడం మేలని సమావేశం భావిస్తోంది. రోజుకొక కథ పైకి చదివించాలి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు చదివే స్థాయిని బట్టి విడివిడిగా, ఉచితంగా ఉన్నాయి. తాతయ్యకు వీడియో కాల్‌లో చదివి వినిపిస్తే ఇంకా మంచిది.

హైస్కూలు వయసు దగ్గర పడిన పిల్లల విషయంలో సర్టిఫికెట్ మాట ముందే చూసుకోవాలి. తల్లిదండ్రులు సంతకం చేసి ఇచ్చే డిప్లొమా ఇక్కడి కాలేజీల్లో చెల్లుతుంది గానీ, ఇండియాలో గుర్తింపు ఉన్న బోర్డు సర్టిఫికెట్ అడుగుతారు. అలాంటి బోర్డయిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్‌ఐఓఎస్) సెకండరీ కోర్సుకు 14 ఏళ్లు నిండాలి. ఇక్కడే ఉండి గుర్తింపు పొందిన దూరవిద్య కావాలంటే ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం, టెక్సస్ టెక్ నడిపే హైస్కూళ్లు ఉన్నాయి. పిల్ల చదివిన పుస్తకాల పేర్లు, తేదీలు, రాసిన కాగితాలు ఏటికేడు ఫైలు కట్టి ఉంచాలి. టీసీ ఏదని అడిగే హెడ్‌మాస్టరు ముందు చూపించడానికి మన దగ్గర ఉండేది ఆ ఫైలొక్కటే. జర్మనీకి బదిలీ కోరుకునేవారికి ఒక మాట: అక్కడి చట్టం పిల్లలను బడికి పంపి తీరాలంటుంది. ఇంటి చదువు అక్కడ కుదరదు.

మొదటి ఏడాది ఎవరూ పూర్తి తరగతి సెట్టు కొనరాదని ఈ సమావేశం సలహా ఇస్తోంది. చాలా ప్రచురణ సంస్థలు నమూనా పాఠాలు చూపిస్తాయి. సింగపూర్ మ్యాథ్, సాక్సన్, మ్యాథ్ మామత్ వంటి వాటికి పిల్ల ఏ స్థాయిలో ఉందో తేల్చే పరీక్షలు ఉచితంగానే ఉన్నాయి. ఆ పరీక్షలు, నమూనా పాఠాలతో ముందు ఒక నెల గడిపి చూడాలి. ఒక ఇంట్లో కొన్న వర్క్‌బుక్కును జిరాక్సు తీసి నాలుగిళ్లకు పంచుకునే అలవాటును సంఘం సమర్థించదు.

అందరి తరఫునా ఒకే సెట్టును టోకున కొని తగ్గింపు పొందాలన్న సవరణ చర్చ తర్వాత వీగిపోయింది. మూల తీర్మానం మెజారిటీ ఓటుతో నెగ్గింది.

పిల్లలు దాటేసిన తరగతుల టీచరు గైడ్లు, కథల పుస్తకాలు గరాజుల్లో అట్టపెట్టెల్లో ఉంచుకున్న సభ్యులు వాటిని వచ్చే సమావేశానికి తెచ్చి సంఘం గ్రంథాలయానికి ఇవ్వవలసిందిగా కోరడమైనది. లోపలి అట్ట మీద మీ పిల్ల ఏ వయసులో చదివిందో, ఏ పాఠం దగ్గర విసుగు చెందిందో రెండు మాటలు రాసి ఇవ్వండి.